పైపొర లేచిపోయిన నీలం కారు, రూ.18,000 బడ్జెట్: ఏ ప్యానెల్ ముట్టుకోవాలి, ఏది వదిలేయాలి

తిరుపతిలో పాత కార్ల పెయింట్‌ను గుద్దుళ్లకన్నా ఎక్కువగా పాడుచేసేది ఎండ. టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపేవాడిగా నేను రోజూ చూసేది అదే. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక బండి సంగతి. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన ఎవరో, బండి ఏ కంపెనీదో తెలిసే వివరాలు తీసేశాను. పని పెద్దదేమీ కాదు. డబ్బు తక్కువున్నప్పుడు దేన్ని తగ్గించుకోవచ్చు, దేన్ని తగ్గించకూడదు అన్న ప్రశ్న ఈ బండి దగ్గర అడుగడుగునా ఎదురైంది, అందుకే రాయాలనిపించింది.

బండి, యజమాని

పదేళ్లు దాటిన చిన్న హ్యాచ్‌బ్యాక్, నీలం మెటాలిక్. ఇంజన్‌కు ఏ జబ్బూ లేదు, ఏసీ బాగుంది. యజమాని ఉద్యోగస్తుడు. అద్దె ఇల్లు కావడంతో బండి వీధిలోనే ఉంటుంది. పక్కన కానుగ చెట్టు ఉంది కాబట్టి మధ్యాహ్నం దాకా నీడే. ఆ తర్వాత పొద్దుగూకే వరకు పడమటెండ నేరుగా టాప్ మీద, కుడిపక్క మీద పడుతుంది. చెట్టు నీడ అనుకుంటాం గానీ, దాని మీది పిట్టల రెట్ట, ఆకుల నుంచి కారే జిగురు ఎండకు పెయింట్ మీదే ఉడికిపోతే ఆ మచ్చ ఇక పోదు.

ఆయన వచ్చింది కార్తీక మాసంలో. టాప్ మీద తెల్లటి పొడల్లాంటి మచ్చలు. బానెట్ మీద అరచేతి వెడల్పున పొర లేచి, అంచులు గాలికి కదులుతున్నాయి. డిక్కీ పైభాగం చేత్తో తడిమితే గరగరమంటోంది. కుడివైపు వెనక పిల్లర్ మీద రూపాయి బిళ్లంత మచ్చ. తలుపులు, ముందు ఫెండర్లు మాత్రం మెరుపు తగ్గినా గట్టిగానే ఉన్నాయి.

"బండి ఇంకో నాలుగేళ్లు వాడుకోవాలన్నా. పద్దెనిమిది వేలకు మించి పెట్టలేను. అంతలో అవుతాదా?" అన్నారు. మొత్తం బండికి ఇంకోచోట అడిగితే దీనికి మూడింతలు చెప్పారట. ఇన్సూరెన్స్ వాళ్లనూ అడిగారు. ఎండకు, వాడకానికి అరిగిపోయినదానికి క్లెయిమ్ రాదు, అది అన్ని పాలసీల్లోనూ ఉండే మాటే.

అప్పటికే జరిగిన ప్రయత్నాలు

మొదట ఒక వాటర్ వాష్ సెంటర్‌లో రబ్బింగ్, పాలిష్ చేయించారు. కొన్నాళ్లు మెరిసింది, తర్వాత మచ్చలు ఇంకా పెద్దవయ్యాయి. ఇందులో వింతేమీ లేదు. రబ్బింగ్ అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను, అంటే క్లియర్ కోట్‌ను, కొద్దిగా కోసి, కింద ఉన్న నున్నటి భాగాన్ని పైకి తేవడం. క్లియర్ గట్టిగా ఉండి పైపైన మాత్రమే మసకబారి ఉంటే అది సరైన వైద్యం. క్లియర్ కుళ్లిపోయిన చోట మిషన్ పెడితే మిగిలిన కాస్త పొర కూడా పోతుంది.

తర్వాత స్నేహితుడి సలహాతో స్ప్రే క్యాన్‌లో దొరికే క్లియర్ తెచ్చి బానెట్ మీద ఆయనే కొట్టుకున్నారు. లేచిన పొర అంచుల్లోకి ఆ క్లియర్‌లోని ద్రావకం దిగి, మంచిగా ఉన్న చోట కూడా ముడతలు తెచ్చింది. "పెచ్చులూడే గోడకు గీకకుండా సున్నం కొడితే ఎట్లుంటాది సార్, ఇదీ అట్లే" అంటే నవ్వి ఊరుకున్నారు.

పరీక్ష: రెండు ప్యానెళ్లు, రెండు వేర్వేరు జబ్బులు

ఫ్యాక్టరీ నుంచి వచ్చే కారు రేకు మీద వరసగా తుప్పు పట్టకుండా కాపాడే ఈ-కోట్, పై పొరలకు పట్టునిచ్చే ప్రైమర్, రంగు ఉండే బేస్ కోట్, దానిమీద క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అందులో క్లియర్ వాటా సుమారు 35 నుంచి 50. బేస్‌కు సొంత మెరుపు ఉండదు, ఎండను తట్టుకునే శక్తీ తక్కువే. అతినీల కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఉండేది క్లియర్‌లోనే. అవి ఏళ్ల తరబడి ఖర్చవుతూ పోయి, చివరికి కిరణాలు కింది బేస్ దాకా చేరతాయి. అప్పుడు ఆ రెండింటి మధ్య పట్టు వదులుతుంది.

పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే తలుపుల మీద సుమారు 120 మైక్రాన్లు, టాప్ మీద మచ్చలు లేని చోట కూడా దాదాపు అంతే, మచ్చల మీద 70. అంటే టాప్ ఫ్యాక్టరీ పెయింటే, ఎండకు అరిగి క్లియర్ పోయింది. బానెట్ మీద మాత్రం 280 దాకా చూపించింది. ఇది ఎప్పుడో మళ్లీ కొట్టిన పెయింట్. యజమాని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, ఆయనకు ఆ సంగతి తెలియదు.

ఆ రెండు అంకెలతోనే పని దారి విడిపోయింది. బానెట్ మీది క్లియర్ ఎండకు అరిగి పోలేదు, షీట్లు షీట్లుగా లేచి వస్తోంది. పాత రిపేర్‌లో బేస్ కొట్టి చాలాసేపు వదిలేసి ఆ తర్వాత క్లియర్ కొట్టినా, బేస్ పొడిపొడిగా పడినా ఇలాగే అవుతుంది. అలాంటప్పుడు ఇప్పుడు గట్టిగా కనిపించే భాగాన్నీ నమ్మడానికి లేదు. మాస్కింగ్ టేపు అంచున గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగితే, కంటికి బాగున్న చోట నుంచి కూడా రెండు వేళ్ల వెడల్పు పొర ఊడొచ్చింది. టాప్ మీద అదే టేపు పెడితే మచ్చ అంచు దగ్గరే ఆగింది.

తలుపు మీద తెల్లగుడ్డతో కొంచెం కాంపౌండ్ (రబ్బింగ్‌కు వాడే పేస్టు) రుద్దాను. గుడ్డకు నీలం అంటలేదు. క్లియర్ అక్కడ ఉన్నట్టే లెక్క. తడిపితే మసక మాయమైంది. తలుపులకు, ఫెండర్లకు పెయింట్ అక్కర్లేదు, పాలిష్ చాలు.

ఏం చేయాలన్న లెక్క

యజమాని అడిగిన మొదటి దారి క్లియర్ ఒక్కటే. "రంగు ఉండాది గదా, పైన క్లియర్ కొట్టేస్తే సరిపోదా?" చాలామంది ఇదే అడుగుతారు. మాటల్లో చెప్పడం కన్నా చూపించడం మేలని డిక్కీలో ఒక మూల తీసుకున్నాను. లేచిన అంచును 600 నంబరు వాటర్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నున్నన) మెట్టు తెలియనంత బాగా జార్చి, తుడిచి, క్లియర్ కొట్టాం. కొట్టిన రోజు బ్రహ్మాండంగా ఉంది. ఎండలో కొన్నాళ్లు తిరిగొచ్చేసరికి పాత అంచు చుట్టూ గీత తేలింది. క్లియర్ ఊడిన చోట బేస్ వెలిసిపోయి లేతగా, పక్కన ముదురుగా, ఒక దేశపటం గీసినట్టు కనిపిస్తోంది. బేస్ పాడయ్యాక క్లియర్ దాన్ని మెరిసేట్టు చేస్తుందే గానీ దాచదు. ఆ మూల చూశాక ఆయన ఈ దారి గురించి మళ్లీ అడగలేదు.

రెండో ఆలోచన టాప్‌కు నల్ల స్టిక్కర్ వేయడం. లేచే పొర మీద వినైల్ అతికిస్తే అది పట్టుకునేది ఆ లేచే పొరనే. కాబట్టి ముందు గీకి సరిచేయక తప్పదు, సగం ఖర్చు అక్కడే అయిపోతుంది. పైగా 40 డిగ్రీలు దాటే మే నెలలో వీధిలో నిలబడే బండికి నల్ల టాప్ ఎందుకు? బండి రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది, మొత్తం రంగు మార్చే ఆలోచనైతే ఆర్టీవో పని కూడా తోడవుతుంది. అదీ వద్దనుకున్నాం.

మూడోది, బండి మొత్తం చవకగా కొట్టడం. రూ.18,000కు కూడా చేసేవాళ్లు ఉంటారు. ఎలాగంటే రెండు భాగాలు కలిపి కొట్టే టూకే క్లియర్ బదులు చవకైన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), ప్రైమర్ ఉన్నచోట ఉన్నట్టు, లేనిచోట లేనట్టు. ఎన్‌సీ పెయింట్ థిన్నర్ ఆరిపోవడంతో గట్టిపడుతుంది, అంతే. పెట్రోల్ చుక్క పడితే మెత్తబడుతుంది, ఎండకు త్వరగా మెరుపు పోయి పసుపెక్కుతుంది. టూకే అలా కాదు, దాని రెండో భాగమైన హార్డెనర్‌తో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది, మళ్లీ థిన్నర్‌లో కరగదు. ఈ బండికి వచ్చిన జబ్బే ఎండ జబ్బు. అలాంటప్పుడు ఎండకు తట్టుకోని సరుకును పాడైన నాలుగు చోట్లకే కాక బండి మొత్తానికి పూయడం వల్ల ఒరిగేదేమిటి? ఉన్న మంచి తలుపుల ఫ్యాక్టరీ పెయింట్ కూడా దానికింద పడి పాడవుతుంది.

అందుకని సరుకు నాణ్యత జోలికి పోకుండా పని విస్తీర్ణం తగ్గించాం. టాప్, బానెట్, డిక్కీ, ఈ మూడూ పూర్తిగా టూకేలో. పిల్లర్ మచ్చ వరకు చిన్న పని. మిగతాదంతా పాలిష్, అది కూడా ఆయనే చేతితో చేసుకుంటారు. బంపర్లు అసలు ముట్టుకోం. ప్లాస్టిక్‌కు వేరే ప్రైమర్ కావాలి, వాటి గీతలు ఆయన్ని బాధపెట్టడం లేదు.

ఈ మూడు ప్యానెళ్లకూ ఒక సౌకర్యం ఉంది. టాప్‌కు రెండుపక్కలా రబ్బరు పట్టీ ఉన్న కాలువలు, బానెట్‌కూ డిక్కీకీ చుట్టూ సందు. పెయింట్ ఆగడానికి సహజమైన గట్టు దొరికింది. రంగు కొంచెం తేడా వచ్చినా, పడుకుని ఉన్న బానెట్, నిలబడి ఉన్న ఫెండర్ వెలుతురును వేర్వేరుగా తిప్పికొడతాయి కాబట్టి కన్ను అంతగా పట్టుకోదు. పక్క ప్యానెళ్లలోకి రంగు కలుపుతూ పోతే అతుకు అసలు తెలియదు, కానీ ఫెండర్లు, తలుపులు కూడా క్లియర్ చేయాల్సి వస్తుంది. ఎంత తేడా రావచ్చో ముందే చెప్పాను. "అంత దగ్గర్నుంచి చూసేదెవరులే" అన్నారు.

కాలం, నీళ్లు

పని వెంటనే మొదలుపెట్టలేదు. తిరుపతిలో వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మాది బూత్ (దుమ్ము, తేమ రాకుండా పెయింట్ కొట్టే మూసిన గది) లేని షెడ్డు. క్లియర్ పోయిన బేస్ తడిని పీల్చుకుని ఉంటుంది, దానిమీద ప్రైమర్ మూసేస్తే ఎండాకాలంలో ఆ తడి బుడగలై లేస్తుంది. సంక్రాంతి దాటాక రమ్మన్నాను. అప్పటిదాకా లేచిన పొరలను గోటితో కూడా లాగొద్దని చెప్పాను.

ఇంకో మాట, మా చుట్టుపక్కల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. వాటర్ పేపర్ పనికి అవే వాడతాం, తప్పదు. కానీ చివరి కడుగుడు తర్వాత అవి ప్రైమర్ మీదే ఆరితే తెల్లటి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు పెయింట్ కింద ఉండిపోతే బయటి తేమను లాగి సన్నటి పొక్కులు తెస్తుంది. ఆఖరి తుడుపుకు తాగే నీళ్ల క్యాన్ వాడతాను. ఖర్చు లెక్కలోకి రానంత. చాలా షెడ్లలో ఇది ఎందుకు చేయరో నాకర్థం కాదు.

పని

బానెట్ మీద పెయింట్ కరిగించే రిమూవర్ వాడలేదు. అది అంచుల మడతల్లోకి దిగితే పూర్తిగా కడగడం కష్టం, తర్వాత కొత్త పెయింట్‌ను లోపలి నుంచి తింటుంది. ఊడేదంతా బ్లేడుతో, కంప్రెసర్ గాలితో లేపేసి, మిగిలిన రెండో పెయింట్‌ను 180 పేపర్‌తో మిషన్ మీద తీశాం. కింద పాత ఫ్యాక్టరీ పొర గట్టిగా కనిపించిన చోట ఆగాం. ఒకచోట సన్నటి పుట్టీ బయటపడింది. తట్టి చూస్తే బోలు శబ్దం లేదు, అంచు లేవలేదు. దాన్ని అలాగే ఉంచాం. గట్టిగా ఉన్న పుట్టీని తవ్వి మళ్లీ పెడితే కస్టమర్ డబ్బు పోవడం తప్ప లాభం లేదు. ముందు అంచున రాళ్లు తగిలి తుప్పు చుక్కలు ఉంటే, అవి మాత్రం రేకు మెరిసే దాకా తీసి, తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమర్ వేశాం. ఎపాక్సీ బానెట్ మొత్తానికీ అవసరం లేదు, రేకు బయటపడిన చోట చాలు.

టాప్ మీద దీనికి భిన్నంగా, ఫ్యాక్టరీ ప్రైమర్‌ను కాపాడుకోవడమే ఉద్దేశం. 320 పేపర్‌తో చనిపోయిన క్లియర్, సున్నంలా రాలే బేస్ తీసేసి, మంచి క్లియర్ అంచులను వేలికి తగలనంత జార్చాం. తర్వాత టాప్ అంతటికీ, పల్లాలు నింపి చదును చేసే టూకే సర్ఫేసర్. మచ్చల వరకే వేస్తే మళ్లీ అదే దేశపటం. దానిమీద పలచగా నల్ల గైడ్ కోట్ చల్లి 600, ఆపై 800తో రుద్దితే పల్లాలు నల్లగా మిగిలి తమంతట తామే చెప్పేస్తాయి. మెటాలిక్ కింద గరుకు పేపర్ గీత ఉంటే క్లియర్ అయ్యాక ఎండలో తప్పక కనిపిస్తుంది. ఈ పనిలో ఎక్కువ కూలి ఇక్కడే పోయింది, పోవాల్సింది కూడా ఇక్కడే.

రంగు కోసం డోర్ పిల్లర్ మీది కోడ్ ప్రకారం కలిపించాం. కోడ్ కొత్త బండి రంగు చెబుతుంది, ఇది పదేళ్ల బండి. తలుపు మీద ఒక అడుగు మేర పాలిష్ చేసి, ఆ మెరిసిన చోటుతో పోల్చాం. మసకబారిన తలుపుతో పోల్చి రంగు కలిపితే, రేపు ఆయన పాలిష్ చేయగానే తేడా బయటపడుతుంది. కార్డు మీద కొట్టి, సగానికి క్లియర్ వేసి, ఎండలో ఎదురుగా, పక్కనుంచి చూశాం. మెటాలిక్‌లో తడిగా కొడితే అందులోని మెరుపు పొడి కిందికి దిగి రంగు ముదురవుతుంది, పొడిగా కొడితే లేతబడుతుంది. అందుకే కార్డు కొట్టిన చెయ్యే బండికీ కొట్టాలి, గన్ సెట్టింగ్ మార్చకూడదు.

జనవరి పొద్దున మంచు ఉంటుంది, రేకు చల్లగా ఉంటుంది. అప్పుడు కొడితే తేమ పట్టి క్లియర్ పాలలా తెల్లబడే ప్రమాదం. పదకొండు దాటితే గాలి లేచి దుమ్ము. తొమ్మిదికి మొదలుపెట్టి ఒక ప్యానెల్ తర్వాత ఒకటి కొట్టాం. ముందురోజే నేల తడిపి, చుట్టూ ప్లాస్టిక్ షీట్లు కట్టాం. బేస్ రెండు కోట్లు, చివర దూరం నుంచి పలచగా ఒక కోటు, మెరుపు గీతలు పడకుండా. బేస్ మెరుపు తగ్గి మ్యాట్‌గా ఆరాక క్లియర్ నిండుగా రెండు కోట్లు, మధ్యలో పది నిమిషాలు.

హార్డెనర్ గురించి గట్టిగా చెప్పాలి. డబ్బా మీద రెండుకు ఒకటి అని ఉంటే కొలత గ్లాసుతో రెండుకు ఒకటే. కంటితో పోసే అలవాటు మా వృత్తిలో చాలామందికి ఉంది. తక్కువైతే క్లియర్ మెత్తగా ఉండిపోతుంది, ఎక్కువైతే పెళుసవుతుంది. అందులో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు విషం, ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఆస్తమా. మూతికి కట్టుకునే కర్చీఫ్ దానికి అడ్డం కాదు, కనీసం కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, పైపుతో శుభ్రమైన గాలి అందించే మాస్క్ అయితే ఇంకా మేలు. యజమాని ఇంటి దగ్గర టూకే తానే కొట్టుకుంటే ఎంత మిగులుతుందని అడిగినప్పుడు, మాస్క్ లేకుండా వద్దని ఇందుకే చెప్పాను.

ఆరాక అక్కడక్కడ దుమ్ము గింజలు, కొద్దిగా నారింజ తొక్క గరుకు మిగిలాయి. మొత్తం రుద్ది బఫ్ చేస్తే అద్దంలా వస్తుంది, కానీ అందుకు మంచి క్లియర్ కొంత కోయాలి. ఎండలో నిలబడే బండికి క్లియర్ మందమే ఆయుష్షు. గింజలను మాత్రం 2000 పేపర్‌తో తీసి, ఆ చోట్లే కాంపౌండ్ పెట్టాం. గరుకు ఉండనిచ్చాం.

పిల్లర్ దగ్గర రాజీ

ఆ రూపాయి బిళ్లంత మచ్చే అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది. వెనక పిల్లర్, వెనక చక్రం పైన ఉండే క్వార్టర్ ప్యానెల్, కింద సిల్ (తలుపు కింది గడప) దాకా ఒకే రేకు. మధ్యలో ఆపడానికి గట్టు లేదు. పద్ధతి ప్రకారం ప్యానెల్ మొత్తం క్లియర్ చేయాలి, బడ్జెట్ దాటుతుంది. పిల్లర్ అన్నిటికన్నా సన్నగా ఉండే చోట క్లియర్‌ను బ్లెండింగ్ థిన్నర్‌తో కరిగించి ఆపాం. పలచబడిన అంచులో రక్షణ తక్కువ కాబట్టి కొన్నేళ్లకు అక్కడ గీత తేలవచ్చని, తేలితే అప్పుడు ప్యానెల్ అంతా చేయాల్సి ఉంటుందని బిల్లు వెనక రాసిచ్చాను. నోటిమాటగా చెప్పినది రెండేళ్లకు ఎవరికీ గుర్తుండదు.

తర్వాత

బిల్లు బడ్జెట్ లోపలే వచ్చింది. తలుపులు ఆయనే తీరికగా పాలిష్ చేసుకున్నారు. నెల దాకా వ్యాక్స్ వద్దన్నాను, కొత్త క్లియర్‌లోని ద్రావకం ఇంకా బయటికి పోతూ ఉంటుంది. గుడ్డ కవర్ కూడా వద్దన్నాను. దుమ్ము తుడవకుండా కవర్ వేస్తే గాలికి అదే ఎమరీ పేపర్ అవుతుంది. రెట్ట పడితే ఎండెక్కకముందే తడిగుడ్డ వేసి నానబెట్టి తీయమన్నాను.

బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సాయంత్రపు వాలుటెండలో కొంచెం తేడా తెలుస్తుంది, మిగతా వేళల్లో తెలియదు. రెండు వేసవులు గడిచాక ఆయన ఏదో పని మీద వస్తే గేజ్ పెట్టి, టేపు పెట్టి చూశాను. మూడు ప్యానెళ్లూ గట్టిగా ఉన్నాయి, టాప్ మీద మెరుపు కొద్దిగా తగ్గింది. పిల్లర్ మీద మాత్రం అనుకున్న చోటే వెంట్రుకంత గీత తేలింది. అంచు ఇంకా లేవలేదు. ఇప్పుడే చేయిద్దామా అని అడిగితే, అంచు వేలికి తగిలేదాకా ఆగమన్నాను. క్వార్టర్ ప్యానెల్ డబ్బు ఆయన విడిగా పక్కన పెట్టుకుంటున్నారు. వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు ఆ గీత మీద పాలిష్ మిషన్ పెట్టనివ్వొద్దని మాత్రం చెప్పి పంపాను.